ఎంత మిగులుతుందో అడుగు

చి. స్రవంతికి,

మీ నాన్న పంపిన స్కాన్లు, బయాప్సీ రిపోర్టు చూశాను. ఫైబ్రోలామెల్లర్ కార్సినోమా. లివర్ క్యాన్సర్ అనగానే ఇంట్లో అందరూ దొరికిందల్లా చదివి హడలిపోతున్నారట. అందులో చాలావరకు నీకు వర్తించదమ్మా. మామూలు లివర్ క్యాన్సర్ ఎక్కువగా హెపటైటిస్ వల్లో మద్యం వల్లో చెడిపోయిన కాలేయంలో వస్తుంది. ఇది నీ ఈడువాళ్లకు, శుభ్రంగా ఉన్న కాలేయంలో వస్తుంది. నువ్వు తిన్నదానివల్లో చేసినదానివల్లో వచ్చింది కాదు. కణంలో రెండు జన్యువులు అతుక్కుపోవడం ఇందులో కనిపిస్తుందని 2014లో బయటపెట్టారు. 12 ఏళ్లకే ఈ జబ్బు బయటపడి ఆపరేషన్ చేయించుకున్న ఎలానా సైమన్ అనే అమ్మాయి కూడా ఆ పరిశోధనలో ఉంది. మామూలు లివర్ క్యాన్సర్‌లో తరచూ పెరిగే ఏఎఫ్‌పీ నీ రక్తపరీక్షలో మామూలుగా వచ్చిందని మీ మావయ్య బయాప్సీని అనుమానిస్తున్నాడట. ఈ జబ్బులో అది మామూలుగానే ఉండొచ్చు.

దీన్ని నయం చేసే అవకాశం ప్రధానంగా ఆపరేషన్‌లోనే ఉంది. ఎంత కోసేస్తారోనని మీ అమ్మ ఏడుస్తోంది. మీరు సర్జన్‌ని అడగాల్సింది ఎంత మిగులుతుందని. కాలేయంలో ఎనిమిది భాగాలు. ఒక్కోదానికి రక్తం విడిగా అందుతుంది కాబట్టి కొన్నింటిని తీసేసినా మిగతావి పనిచేస్తాయి. మిగలబోయే భాగాన్ని సీటీ బొమ్మల మీద ముందే కొలుస్తారు. నీలాంటి మంచి కాలేయంలో అయిదో వంతుకు పైగా మిగిలితే సాధారణంగా ధైర్యం చేస్తారు. ఆ మిగిలింది మళ్లీ పెరుగుతుంది. నీ గడ్డ కుడివైపు చాలా మేర పరుచుకుంది. ఎడమవైపు చాలదనిపిస్తే, కుడివైపుకు వెళ్లే పోర్టల్ సిరను ముందుగా మూసేస్తారు. కొన్ని వారాల్లో ఎడమభాగం పెరుగుతుంది, అప్పుడు కోస్తారు. ఆ వారాలు నీకు నరకంగా అనిపిస్తాయి, తెలుసు. అయినా ఓర్చుకో. చాలినంత కాలేయం లేకుండా బల్ల మీద నుంచి లేవడం అంతకంటే ప్రమాదం.

ఇంకొకటి గట్టిగా అడుగు: కాలేయం దగ్గరి లింఫ్ గ్రంథుల్ని కూడా తీస్తారా అని. ఈ గడ్డకు అక్కడికి పాకే గుణం ఎక్కువ.

తమ్ముడు తన కాలేయంలో ముక్క ఇస్తానన్నాడట. వాడి మనసు బంగారం. కానీ మార్పిడి, గడ్డను కోసి తీయడం కుదరనప్పుడు, జబ్బు కాలేయం దాటనప్పుడు ఆలోచించేది. వాడికీ పెద్ద ఆపరేషనే, నీకు జీవితాంతం మందులు. అందుకని ముందు కోతకే చూడాలి. అయితే కోతా మార్పిడీ రెండూ తరచుగా చేసే ఆసుపత్రికే వెళ్లండి. రక్తనాళాల దగ్గర చిక్కు వస్తే ఆ చేతులే కావాలి. ఒకరు చేయలేమన్నా, రెండోచోట చూపించకుండా ఒప్పుకోకు.

పసరు మందుల మాట ఎవరెత్తినా వద్దని చెప్పు. అవి కాలేయాన్నే దెబ్బతీయొచ్చు, ఇప్పుడు మనకు అదే ఆధారం.

ఆపరేషన్ తర్వాతా స్కాన్లు ఏళ్ల తరబడి తప్పవు. ఇది తిరిగి వచ్చే జబ్బు. వస్తే మళ్లీ కోసి తీయడానికి వీలున్న సందర్భాలూ ఉన్నాయి, తొందరగా కనిపెడితేనే.

స్కాన్ సీడీలు, బయాప్సీ బ్లాకులు మీ నాన్న చేత పట్టించు. ప్రశ్నలు మాత్రం కాగితం మీద రాసుకుని నువ్వే అడుగు. డాక్టర్లు ఏమన్నారో ఆ రాత్రే ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా సరే.

మీ పెద్దనాన్న