యంత్రం అమ్మాకే అసలు ఉద్యోగం మొదలు

ఉద్దానంలో కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్న రోగులకు వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ తప్పదు. ఈ చికిత్సలో మన విద్యార్థులు గమనించాల్సిన వ్యాపార మార్పు ఒకటుంది. డయాలసిస్ యంత్రాలు తయారుచేసే జర్మనీ సంస్థ బి.బ్రాన్, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజుల్లోనే 11 ప్రభుత్వ ఆసుపత్రుల్లో డయాలసిస్ కేంద్రాలు నడిపే బాధ్యత తీసుకుంది. అంటే తయారీదారు యంత్రం అమ్మేసి వెళ్లిపోకుండా, చేసిన డయాలసిస్‌ల లెక్కన డబ్బు తీసుకునే భాగస్వామి అయ్యాడు.

పేచీ ఎక్కడొస్తుంది?

2016లో ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం పద్ధతి చూడండి. యంత్రాలు, ఆర్వో ప్లాంటు, సిబ్బంది ప్రైవేటు సంస్థవి. స్థలం, కరెంటు, నీళ్లు ప్రభుత్వానివి. ఒక్కో డయాలసిస్‌కు సుమారు 120 లీటర్ల శుద్ధజలం కావాలి. కుళాయి ఆగితే యంత్రం బాగున్నా పని నడవదు, కంపెనీకి బిల్లూ రాదు. నష్టం ఎవరు భరించాలి? రెండు సంస్థల మధ్య నిలబడి దీన్ని తేల్చేవారే సర్వీస్ మేనేజర్, కాంట్రాక్ట్ మేనేజర్.

పైడిభీమవరం మందుల కంపెనీల్లోనైనా, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోనైనా కంప్రెసర్, బాయిలర్ అమ్మినవారితో బంధం సర్వీసు ఒప్పందం మీదే సాగుతుంది. అక్కడా కావాల్సిన నైపుణ్యం ఇదే.

ఎలా సిద్ధమవ్వాలి?

* చదువు: డిప్లొమా లేదా బీటెక్‌లో బయోమెడికల్, ఈఈఈ, మెకానికల్, లేదా బీఎస్సీ డయాలసిస్ టెక్నాలజీ. వైద్య పరికరాల తయారీ చూడాలంటే విశాఖలోనే మెడ్‌టెక్ జోన్ ఉంది.
* తొలి మెట్టు: రెండు మూడేళ్లు సర్వీస్ ఇంజినీరుగా చేయండి. యంత్రం తెలియని మేనేజర్ మాట అవతలివారు లెక్కచేయరు.
* కాగితం: ఫిర్యాదుకు ఎన్ని గంటల్లో స్పందించాలి, జరిమానా ఎంత, విడిభాగాల ఖర్చు ఎవరిది? ఒప్పందంలో ముందు ఈ మూడూ వెతకండి. యంత్రం ఆగిన సమయం, కారణం ఒక పుస్తకంలో రాసి ఇద్దరి సంతకాలూ తీసుకోండి. బిల్లు దగ్గర మాట నిలిపేది ఆ పుస్తకమే.
* భాష: ఇచ్ఛాపురం వైపు ఒడియా వస్తే అదనపు బలం.

ఇంటర్వ్యూలో "యంత్రం ఆగింది, ఆసుపత్రివాళ్లు మీమీద మండిపడుతున్నారు, ఏం చేస్తారు?" అని అడగొచ్చు. ముందు రోగికి వేరే యంత్రం, తర్వాత మరమ్మతు, ఆపైన రికార్డు, చివరికే తప్పెవరిదన్న చర్చ. ఈ వరుస తడబడకుండా చెప్పండి.