సేవ మానేయాలా?

ప్రశ్న: పాలకొల్లు దగ్గర మా సంఘంలో సండే స్కూల్ చూస్తున్నాను. ఇద్దరు ప్రతిదానికీ వంకలు పెడుతున్నారు. మానేయాలనిపిస్తోంది.

జవాబు: మానేయకమ్మా, పిల్లలు నీకోసం చూస్తారు. మత్తయి 18వ అధ్యాయం చూపిన దారి ఇదే: ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడు. ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర, నలుగురిలో మాత్రం వద్దు. ప్రార్థనలో వాళ్లను దెప్పడం అసలే వద్దు; అది మనలో చాలామందికి అలవాటు, నాకు చాలా బాధగా ఉంటుంది.

ఫిలిప్పీ సంఘంలో పడని ఇద్దరు స్త్రీలను పౌలు పేరుపెట్టి హెచ్చరించాడు, వాళ్ల ప్రయాసనూ మెచ్చుకున్నాడు. నువ్వూ వాళ్లు చేసిన మంచిని ముందు చెప్పు. మానేయాలనిపించినప్పుడు ఇది గుర్తు తెచ్చుకో: 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దంపతులు ఫలితం కనబడని ఏళ్లలోనూ మన గోదావరి డెల్టాను వదల్లేదు.

మాటలు అవమానం దాకా వెళ్తే సంఘపెద్దలకు చెప్పు. దాచుకోకు.