వేలు ఆగినచోట

ఊరి నుంచి పెళ్లి శుభలేఖ వచ్చింది. భిలాయి క్వార్టర్లో, స్కూల్లో హిందీ, ఇంగ్లీషు మాత్రమే చదివే పిల్లాడు దాని మీద చూపుడువేలు పెట్టి కూడబలుక్కుంటున్నాడు. ‘ము... హూ...’ దాకా వచ్చాడు. ర కింద తవొత్తు. ఏది ముందు పలకాలి? వేలు ఆగింది, చెవులు ఎర్రబడ్డాయి. వంటింట్లోంచి అమ్మ, “ముహూర్తం రా!” అనేసింది.

ప్రేమతోనే అంది. ఇంకాసేపు ఊరుకుంటే వాడే అందుకునేవాడు. ఆ తడబాటును భరించలేకపోయింది పిల్లాడు కాదు, మనమే.

మన పెద్దవాళ్లకు ఇలా మాట అందించినవాళ్లు లేరు. భిలాయి ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. ఉత్తరాంధ్ర నుంచి పనికి వచ్చిన ఎందరికో హిందీ రాదు. రష్యన్ ఇంజనీర్ల మాట దుబాసీలు చెబితేనే తెలిసేది. తప్పు హిందీ మాట్లాడి, నలుగురూ నవ్వితే తామూ నవ్వి, మర్నాడు మళ్లీ మాట్లాడారు. తాతయ్యల ప్రమోషన్ల కథలు పిల్లలు చాలానే విన్నారు. బజారులో ఏ మాట తప్పు పలికారో, ఆ కథ చెప్పించండి.

అయితే ఇబ్బంది వేరు, అవమానం వేరు. మన పక్కనున్న గనియారిలో పుట్టిన తీజన్ బాయి, మహాభారత కథలు పాడే పండవానిని ఆడవాళ్లు కూర్చునే పాడే రోజుల్లో, మగవాళ్లలా లేచి నిలబడి కాపాలిక శైలిలో పాడారు. అలా నిలబడటంలోని బెరుకును ఆమె తానై ఎదుర్కొన్నారు. పాడినందుకు కులంవాళ్లు వెలివేయడం మాత్రం క్రూరత్వమే. 2019లో పద్మవిభూషణ్ వచ్చినంత మాత్రాన అది మంచిదైపోదు. పిల్లల్ని చుట్టాల ముందు చిన్నబుచ్చి “గట్టిపడతారులే” అనుకునేవాళ్లు ఈ తేడా గమనించాలి.

ఐఐటీ కోచింగ్ పిల్లలున్న ఇళ్లకు ఈ తేడా తెలియడం మరీ అవసరం. లెక్క రాక గంటసేపు జుట్టు పీక్కుంటున్నా పరవాలేదు, కూర్చోనివ్వండి. తిండి మానేసినా, నిద్ర పట్టకపోయినా, మాట తగ్గినా అది చదువులోని ఇబ్బంది కాదు. అప్పుడు పుస్తకం మూయించి, పక్కన కూర్చుని, ఏమైందో అడగండి.

ఈ సాయంత్రం ఆ శుభలేఖ మళ్లీ తీయండి. వంటింట్లోంచి వద్దు, పక్కనే కూర్చోండి. వేలు ఆగుతుంది. వాడు తలెత్తి అడిగేదాకా చెప్పకండి.