పుట్టగొడుగులకు బ్రాండు కట్టినప్పుడు నేర్చుకున్నవి

ముప్పై అయిదేళ్ళుగా హైదరాబాద్‌లో లేబుళ్ళు గీస్తున్నాను. పచ్చళ్ళు, అగరొత్తులు, నెయ్యి. ఇవేవీ డబ్బాలో పెట్టాక ఊపిరి తీసుకోవు. చేవెళ్ళ వైపు షెడ్డు వేసిన ఒక జంట, పెద్ద హోటళ్ళ వాళ్ళూ ముచ్చటపడి కొనేలా తమ పుట్టగొడుగులకు బ్రాండు కావాలని వచ్చినప్పుడు ఆ తేడా నాకు తట్టలేదు.

1. గీసే ముందు షెడ్డులో కూర్చోండి. పొలం పంట కదా అని మొదట ఆకుపచ్చ వాడాను. ఆకే లేని దానికి ఆకుపచ్చ ఏమిటి? వరిగడ్డి బెడ్ల మీద ముత్యపు చిప్ప పుట్టగొడుగుల గుత్తులు చూశాక బూడిద రంగు, ఎండుగడ్డి రంగు వాటంతటవే దొరికాయి.

2. పేరు చూసి సిగ్గుపడకండి. విలువలేనివి లెక్కకు మించి వస్తే ‘పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి’ అంటాం. ఇళ్ళలో పెద్దవాళ్ళకు కుక్కగొడుగుల భయం ఉండనే ఉంది. అందుకని తెలుగు మాట ఎక్కడా కనబడకుండా ఇంగ్లీషు పేరు పెట్టాం. అది నా పొరపాటే. వానలు పడ్డాక చెదపుట్టల మీద నిజంగానే ఒక జాతి మొలుస్తుంది, దాన్ని చెదలే సాకుతాయి. పుట్ట మీది గొడుగు! ఇంత అందమైన బొమ్మ మాటలోనే ఉంటే నేను ఎక్కడెక్కడో వెతికాను. ఇప్పుడు వాళ్ళ గుర్తు ఒక్క గీతలో గీసిన గొడుగు.

3. అందం ఫ్రిజ్‌లో నిలవాలి. నల్లటి అట్టపెట్టె, బంగారు అక్షరాలు, లోపల బిగుతుగా ప్లాస్టిక్ పొర. బల్ల మీద పెడితే నగలపెట్టెలా ఉంది. మర్నాటికి లోపలంతా చెమట, అట్ట మెత్తబడింది, కాగితపు లేబులు ఊడింది, పుట్టగొడుగులు జిగటగా అయ్యాయి. కోశాక కూడా అవి శ్వాసిస్తూనే ఉంటాయి. వాటిలో నూటికి తొంభై పాళ్ళు నీరే. ఆ తేమ పోయే దారి నేనే మూసేశాను. ఒక హోటలు నుంచి సరుకంతా తిరిగొచ్చింది. ఆ రోజు ఆ జంట నన్ను ఒక్క మాటా అనలేదు. అందుకే ఇప్పటికీ బాధగా ఉంటుంది. తరవాత పొరకు సన్నటి రంధ్రాలు, తడికి ఊడని స్టిక్కరు, సరుకు కనబడేలా పైన ఖాళీ. బంగారం తీసేశాం.

4. కోసిన తేదీ లోగోకన్నా పెద్దగా ఉండాలి. రోజుల్లో పాడయ్యే సరుకుకు ఖరీదు అడిగే హక్కు ఆ తేదీ వల్లే వస్తుంది.

5. పేరు అనుకున్న వారమే ట్రేడ్‌మార్కు దరఖాస్తు వేయండి. తాజావి 31వ తరగతి, ఎండబెట్టినవి 29. ‘తాజా పుట్టగొడుగులు’ లాంటి వట్టి వర్ణన పేరుగా చెల్లదు.

6. డబ్బా వెనక యజమానుల కథ రాయబోయాను. మా ఆవిడ చదివి, కొన్నవాళ్ళకు కావలసింది వంట సంగతి అంది. ఆమె చెప్పిందే అచ్చు వేయించాను: నానబెట్టకండి, తుడవండి. వెడల్పాటి మూకుడులో పలచగా పరచండి. నీరంతా ఇగిరాకే నూనె, ఉప్పు.