కాలువ కింద కార్బన్ కొలువులు

తెనాలి ఊరి మధ్యలోంచి మూడు కాలువలు పారతాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర మళ్లిన కృష్ణా నీరు తెనాలి దాటి మాగాణి తడుపుతూ రేపల్లె వైపు చివరి భూములకు చేరుతుంది. ఆ నీటి దారి పొడవునా కార్బన్ కూడా చేతులు మారుతుంటుంది. నీరు నిలిచిన వరి మడిలో మీథేన్ పుడుతుంది, రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు రాత్రంతా కరెంటు తాగుతాయి, కాలువ గట్టు చెట్లు గాలిలోని కార్బన్‌ను కాండంలో దాచుకుంటాయి. ఈ జమాఖర్చులు రాయగలిగిన వాళ్లకు ఇప్పుడు గిరాకీ పెరుగుతోంది. చిక్కల్లా ఒక్కటే, నోటిఫికేషన్లలో ఈ పని 'కార్బన్ ఉద్యోగం' అన్న పేరుతో కనిపించడం తక్కువ. వ్యవసాయ అధికారి, మున్సిపల్ ఇంజనీరు, ఎనర్జీ ఆడిటర్, జీఐఎస్ అనలిస్ట్ వంటి పాత పేర్ల చాటునే ఉంటుంది.

చదువు కోసం ఈ ప్రాంతం వాళ్లు దూరం పోనక్కర్లేదు. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నాటిది. బైపీసీ విద్యార్థులకు ఈఏపీసెట్ ద్వారా బీఎస్సీ అగ్రికల్చర్ ఉంది. ఎంపీసీ వాళ్లకు అదే ఊళ్లో వ్యవసాయ ఇంజనీరింగ్ బీటెక్ ఉంది. ఈ రెండోదాన్ని చాలామంది కంప్యూటర్ సైన్సు సీటు రాకపోతేనే తలుచుకుంటారు. నీరు, కరెంటు, పంట మూడింటినీ ఒకే చోట నేర్పే కోర్సును అంత తేలిగ్గా తీసేయడం పొరపాటే.

మచ్చుకు వరి సంగతే చూడండి. మడిలో నీరు నిలిస్తే మట్టికి గాలి ఆడదు, అప్పుడు సూక్ష్మజీవులు మీథేన్ వదులుతాయి. వందేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే ఇది దాదాపు 28 రెట్లు వేడి పుట్టిస్తుంది. దీనికి విరుగుడుగా ఆరుతడి పద్ధతి ఉంది. అడుగు పొడవున్న పీవీసీ గొట్టం కింది సగానికి చిల్లులు పెట్టి, ఆ సగాన్ని మట్టిలో దించుతారు. లోపలి నీటి మట్టం నేల కంటే 15 సెంటీమీటర్లు దిగితేనే మళ్లీ నీళ్లు పెడతారు. ఆ గొట్టం పాతించి, రైతును ఒప్పించి, సీజనంతా కొలతలు రాసేవాడు అగ్రికల్చర్ చదివిన కుర్రాడే. గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యం కోసం వ్యవసాయ పట్టభద్రులను ఫెలోలుగా తీసుకుంది. ఆ ప్రకృతి సేద్య కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి దక్కింది.

ఇక పట్టణ పచ్చదనం. పార్కులో చెట్టు కార్బన్ తేల్చాలంటే ముందు టేపుతో ఛాతీ ఎత్తున, అంటే 1.3 మీటర్ల దగ్గర, కాండం చుట్టుకొలత తీస్తారు. దాన్నుంచి ఎండు బరువు అంచనా కడతారు. అందులో దాదాపు సగం కార్బన్. దాన్ని 3.67తో గుణిస్తే చెట్టు పీల్చిన బొగ్గుపులుసు వాయువు ఎంతో తేలుతుంది. ఇంటర్ లెక్కలు చాలు, ఓపికే ఎక్కువ కావాలి. ప్లానింగ్ వైపు మొగ్గున్నవాళ్లకు విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ దగ్గర్లోనే ఉంది.

రేపల్లె వైపు నిజాంపట్నం తీరంలో మడ అడవులున్నాయి. వాటి సంపద చెట్టులో కంటే బురదలోనే ఎక్కువ, ఆ తడి మట్టిలో కార్బన్ ఏళ్ల తరబడి కుళ్లకుండా ఉండిపోతుంది. అడవి ఎంత పెరిగింది, రొయ్యల చెరువుల కింద ఎంత పోయింది అన్నది చెప్పాలంటే ఉపగ్రహ చిత్రాలు చదవడం రావాలి. ఇస్రో వారి భువన్ పోర్టల్, క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ రెండూ ఉచితమే. గేట్‌లో జియోమాటిక్స్‌కూ పర్యావరణ ఇంజనీరింగ్‌కూ వేర్వేరు పేపర్లున్నాయి.

దేశంలో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం 2023లో నోటిఫై అయ్యాక వారాంతపు సర్టిఫికెట్ కోర్సులు పుట్టగొడుగుల్లా లేచాయి. డబ్బు కట్టేముందు నేర్పేవాళ్లు ఫీల్డులో కొలతలు తీయిస్తారో లేదో అడగాలి. ఇంజనీర్లకు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పెట్టే ఎనర్జీ మేనేజర్, ఆడిటర్ పరీక్షల విలువ వేరు. అయితే ఆడిటర్ కావాలంటే డిగ్రీతోపాటు అనుభవం కూడా అడుగుతారు. కాబట్టి ఫైనలియర్ ప్రాజెక్టుకు ఏ రొయ్యల చెరువు కరెంటు బిల్లునో, ఏ కాలువ గట్టు చెట్లనో ఎంచుకుని, ఆ కొలతల పుస్తకాన్ని ఇంటర్వ్యూకి వెంట తీసుకెళ్లవచ్చు.