ఇంజన్ విప్పే ముందు గిన్నె విప్పండి

ఒక ఎండాకాలం బేతంచెర్ల దిక్కు నాలుగు రోజులు వరసగా తిరిగి వచ్చాక నా పాత జీపు గట్టు ఎక్కడం మానేసింది. రెండో గేరులో కూడా ఆయాసపడుతోంది, వెనక నల్లపొగ. చూసిన మెకానిక్ సిలిండర్ బోరు పోయిందన్నాడు, ఇంజన్ దించాలన్నాడు. దించితే నెల రోజులు బండి షెడ్డులోనే, చేతిలో ఉన్న డబ్బంతా దానికే. ఆ రాత్రి మా ఊరి పెద్ద మేస్త్రీకి ఫోను చేశాను. ఆయన ఒకటే అడిగాడు: "ఎయిర్ క్లీనర్ గిన్నె విప్పి చూసినావా అప్పా?"

తెల్లారి విప్పాను. వేలు ముంచితే పైన గోటి మందం నూనె, కింద అంతా బండల పాలిష్ పొడి, ఎర్రమన్ను కలిసి సంగటి ముద్దలా గట్టిపడిన బురద. ఇంజన్‌కు గాలి అందడం లేదు, అంతే. అరగంట కడిగి కొత్త నూనె పోస్తే జీపు అదే గట్టు మూడో గేరులో ఎక్కింది.

అహోబిలంలో పావన నరసింహస్వామి గుడికీ, శ్రీశైలం అడవిలో ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడికీ జీపులు తిప్పి బతికే డ్రైవర్లను, చేనుకూ క్వారీకీ పాత ఆర్మీ బండి వాడుకునేవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. విల్లీస్ నమూనాలో మహీంద్రా వాళ్లు చేసిన జీపు కావచ్చు, జబల్పూర్ ఫ్యాక్టరీలో తయారైన జోంగా కావచ్చు, 1985లో వచ్చిన జిప్సీ కావచ్చు. యుద్ధభూమిలో మామూలు పనిముట్లతో సైనికుడే బాగుచేసుకోవాలన్న ఆలోచనతో పుట్టిన విల్లీస్ దారిలో వచ్చిన జాతి ఇది. కాబట్టి ఇంటి ముందు వేపచెట్టు కింద మీరు చేసుకోగలిగిన పని చాలా ఉంది.

పాత జీపుల్లో చాలావాటికి నూనె గిన్నె ఉండే ఎయిర్ క్లీనరే ఉంటుంది. లోపలికి వచ్చే గాలి నూనె మీద తగిలి మలుపు తిరిగేటప్పుడు దుమ్ము నూనెలో పడిపోతుంది, మిగిలింది పైనున్న జాలీకి అంటుకుంటుంది. మన బండల ఊళ్లలో, క్వారీ దారుల్లో పని ఉంటే రోజూ సాయంత్రం మూత తీసి చూడండి. అడుగున బురద కనిపిస్తే గిన్నెను, జాలీని డీజిల్‌లో కడిగి, బాగా ఆరనిచ్చి, ఇంజన్‌లో వాడే నూనెనే గిన్నె లోపలున్న గీత వరకు పోయండి. గీత దాటి పోయొద్దు. ఎక్కువైన నూనెను ఇంజన్ పీల్చుకుంటుంది. డీజిల్ ఇంజన్ అయితే ఆ నూనెనే ఇంధనంగా తాగి, ఆపినా ఆగకుండా రేగిపోయే ప్రమాదం ఉంది. గిన్నె నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు గొట్టం కూడా వేళ్లతో తడిమి చూడాలి. దాని మీద వెంట్రుకంత పగులున్నా దుమ్ము నేరుగా సిలిండర్‌లోకే పోతుంది, అప్పుడు నిజంగానే బోరు అరుగుతుంది.

దుమ్ము తర్వాత మన నీళ్లు. బోరునీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం మీ వంటింట్లో చూసే ఉంటారు. అదే పొర రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ, ఇంజన్ గోడల్లోనూ కడుతుంది. మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటిన రోజున బండి ఉడికిపోతే అందరూ ఫ్యాన్ బెల్టు వైపే చూస్తారు, తప్పు చాలాసార్లు ఆ పొరది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి. అది కుదరకపోతే వానాకాలంలో మిద్దె మీద పట్టిన నీళ్లు వడగట్టి డబ్బాల్లో దాచుకోండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తిప్పొద్దు. ఆవిరి ముఖానికి కొట్టి కాలినవాళ్లను నేను చూశాను.

పనిముట్ల సంగతి. విల్లీస్ జాతి జీపుకు ఇంచు పానాలు కావాలి, జిప్సీకి, జోంగాకు ఎమ్మెమ్ పానాలు. ఇంచు బోల్టుకు దగ్గరగా ఉందని ఎమ్మెమ్ పానా వేసి తిప్పితే మూలలు అరిగి బోల్టు గుండ్రమవుతుంది. అలా ఒక బోల్టు పాడుచేసి సుత్తి ఎత్తినప్పుడు మేస్త్రీ నా చెయ్యి పట్టుకుని, "బోల్టు నీ మాట వినలేదంటే తప్పు పానాదిరా నాయనా, బోల్టుది కాదు" అన్నాడు. తుప్పు పట్టిన బోల్టుకు ముందురోజు రాత్రే నూనె పట్టించి ఉంచండి. చేతులు మారిన బండిలో రెండు రకాల బోల్టులూ కలిసి ఉంటాయి. పానా వదులుగా కూర్చుంటే ఆపేసి సరైనది వెతకండి.

బండి కిందికి దూరేముందు ఒక్క మాట, ఇది ప్రాణం మాట. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి పోవద్దు. మన ఊళ్లలో చేతికి అందేది కడప బండ కాబట్టి నాలుగు బండముక్కలు పేర్చి యాక్సిల్ కింద పెడతారు. బరువు ఒకే చోట పడితే బండ చెప్పకుండా పగులుతుంది. గట్టి దుంగలు గానీ, ఇనుప స్టాండ్లు గానీ పెట్టండి. నేల చదునుగా ఉండాలి, ఎత్తని చక్రాలకు ముందూ వెనకా అడ్డు ఉండాలి.

కింద ముందుగా చేయాల్సింది గ్రీజు. నిపుల్ మీది మట్టిని గుడ్డతో తుడవకుండా గన్ పెడితే గ్రీజుతోపాటు ఇసుకను మీరే లోపలికి తోసినట్టు. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌కు నాలుగు కొనల నుంచీ కొత్త గ్రీజు కనిపించేదాకా కొట్టాలి. ముందుకు వెళ్లి ఆగి రివర్స్ వేసినప్పుడు "టక్" మని వినిపిస్తే ముందు ఆ క్రాస్‌ను అనుమానించండి. కమాన్ కట్టల యూ బోల్టులు, గతుకుల్లో తిరిగిన ప్రతిసారీ, ఒకసారి బిగించి చూసుకోవాలి.

స్టీరింగ్ వణుకుతోందంటే చాలామంది టైర్లు మారుస్తారు. ముందు చక్రం ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఆట పోయిందా, వీల్ బేరింగ్. పోలేదా, కింగ్ పిన్. బేరింగ్ కొనడానికి వెళ్లేటప్పుడు బండి పేరు చెప్పొద్దు, బేరింగ్ మీద చెక్కిన నంబరు రాసుకుని వెళ్లండి. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనైనా పాత బండికి సామాను దొరికే దారి ఆ నంబరే.

పెట్రోలు బండి అయితే ప్లగ్గు విప్పి రంగు చూడండి. లేత గోధుమ రంగు ఆరోగ్యం. పొడి నల్లమసి అయితే గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ, మళ్లీ ఆ గిన్నె దగ్గరికే వెళ్లండి. నూనె తడి ఉంటేనే రింగుల గురించి ఆలోచించాలి. పాత విల్లీస్ ఇంజన్‌లో ప్లగ్గు సందు 0.030 ఇంచు, పాయింట్ల సందు 0.020 ఇంచు, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ఫీలర్ గేజ్ కొనుక్కోండి, కంటి అంచనా ఇక్కడ చాలదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రంను పాడుచేస్తుంది. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయించండి. మిట్టమధ్యాహ్నం ఎండలో బండి ఉన్నట్టుండి ఆగిపోయి, చల్లబడ్డాక మళ్లీ లేస్తే, పెట్రోలు గొట్టంలోనే ఆవిరై ఉంటుంది. పంపు మీద తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు ఆగండి.

ఫోర్ వీల్ లివర్ ఇసుకకు, బురదకు మాత్రమే. ఆరిన తారు రోడ్డు మీద వేసి నడిపితే ముందు వెనక యాక్సిళ్లు ఒకదానితో ఒకటి పోట్లాడుకుని గేర్లు, క్రాస్‌లు దెబ్బతింటాయి. నల్లరేగడిలో దిగబడి వచ్చాక, వంక దాటి వచ్చాక, డిఫరెన్షియల్ ప్లగ్ వదులుచేసి నాలుగు చుక్కల నూనె వేలి మీద పట్టి, నీళ్లు చేరాయేమో చూడండి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి కర్నూలును ముంచినప్పటిలా బండి నీళ్లలో మునిగితే తాళం తిప్పనే తిప్పొద్దు. ముందు బ్యాటరీ తీగ ఊడదీయండి, ఇంజన్, గేర్‌బాక్స్, యాక్సిళ్లలోని నూనె దించండి. అది పాలు కలిసిన కాఫీలా ఉంటే నీళ్లు చేరినట్టే.

ఇంటి దగ్గర ముట్టుకోకూడనివీ ఉన్నాయి. డీజిల్ పంపు, స్టీరింగ్ బాక్స్, బ్రేకు గొట్టాలు తెలిసిన మేస్త్రీకే వదలండి. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి డ్రమ్ము తీసినప్పుడు గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడవండి.

వేలంలో ఆర్మీ బండి కొనబోతున్నవాళ్లకు: ఛాసిస్ నంబరు కాగితాలతో కలుస్తుందో లేదో మీ కళ్లతో చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. కొన్నాక ఆలివ్ గ్రీన్ రంగు ఉంచుకోవాలని మనసు లాగుతుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 121 ప్రకారం ఆ రంగు రక్షణ శాఖ బండ్లకే. రంగు మార్చండి.

డాష్‌బోర్డు కింద ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, కిలోమీటర్లు, ఏ నూనె మార్చారు, ఏ నిపుల్‌కు గ్రీజు ఎక్కలేదు, గిన్నెలో బురద ఎంత మందం. నా నోటుబుక్కులో మొదటి పేజీ మీద బేతంచెర్ల దుమ్ము వేలిముద్ర ఇంకా ఉంది.