మూడు కిలోల ప్రాణం

మంచేనహళ్ళి చిక్కబళ్ళాపురం జిల్లాలోని ఊరు. ఇక్కడి పల్లెల్లో కుక్క అంటే గొర్రెల మందకో, తోటకో కాపలా కాసేది. ఎండలో తిరుగుతుంది. సంగటి ముద్ద తింటుంది. రాత్రి అరుగు కింద పడుకుంటుంది. పట్నాల నుండి వచ్చే బుజ్జి కుక్కల సంగతి వేరు. మెక్సికోలోని ఒక రాష్ట్రం పేరుతో పిలిచే చివావా జాతి కుక్క పూర్తిగా ఎదిగినా సాధారణంగా మూడు కిలోలకు మించదు. తోట కుక్కను పెంచినట్లే దీనినీ పెంచితే అది బతకడం కష్టం.

దీని ముంగాళ్ళ ఎముకలు పెన్సిలంత సన్నం. మంచం ఎత్తు దాని ఎత్తుకు దాదాపు రెండింతలు. అక్కడి నుండి దూకినా, చేతిలోనుండి జారినా కాలు విరగవచ్చు. అందుచేత పిల్లలు నేల మీద కూర్చొనే దానిని ఒడిలోకి తీసుకోవాలి. మెడలో చిన్న గజ్జె కడితే ఎవరి కాలి కిందా పడదు. నీళ్ళ తొట్టిపై మూత ఉండాలి. ఎలుకల మందు పెట్టిన ఇంట్లో దానిని వదలరాదు.

ఈ జిల్లా ద్రాక్షకు పేరు పొందింది. బెంగళూరు బ్లూ అనే నల్లద్రాక్ష ఇక్కడి తోటలలో పండుతుంది. పిల్లలు గుత్తి పట్టుకొని తింటూ, పక్కన తోక ఊపే కుక్కకు నాలుగు పళ్ళు వేస్తారు. ప్రేమతోనే వేస్తారు. కాని ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కలకు విషం. తిన్న కుక్క మొదట వాంతి చేసుకుంటుంది, తరువాత తిండి మానేస్తుంది. రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు పనిచేయకుండా పోవచ్చు. అరవై కిలోల మనిషిలో ఈ కుక్క ఇరవయ్యో వంతు. పది పళ్ళు దానికి, మనిషికి రెండు వందల పళ్ళతో సమానం. ఒక కుక్క తిని బాగున్నా, మరొకటి చనిపోవచ్చు. ఇన్ని పళ్ళయితే పరవాలేదనే లెక్క లేదు.

ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే ఇందుకు కారణమై ఉండవచ్చునని 2021లో అమెరికా పశువైద్యులు తెలిపారు. ఆ ఆమ్లం చింతపండులోనూ హెచ్చుగా ఉంటుంది. మిగిలిన పులుసన్నం కుక్కకు పెట్టడం మన ఇళ్ళలో పాత అలవాటు. అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉంటాయి. అవి కుక్క నెత్తుటిలోని ఎర్రకణాలను చెడగొడతాయి. చప్పిడి అన్నం, ఎముకలు తీసిన ఉడికిన కోడిమాంసం కొద్దికొద్దిగా రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టవచ్చు. ద్రాక్ష తిన్నదని తెలియగానే, వాంతి కోసం కాచుకోక, పశువైద్యశాలకు తీసుకుపోవాలి. ఇంట్లో ఉప్పునీళ్ళు పోయరాదు, అదీ ప్రమాదమే.

బయటికి తీసుకువెళ్ళేటప్పుడు మెడకు తాడు కట్టి లాగితే గొంతుగొట్టం నలుగుతుంది. రొమ్ము చుట్టూ కట్టే పట్టీ మేలు. వీధి కుక్కల గుంపు ఉన్న సందుకు పోకుండా వేరే దారి పట్టాలి. గుంపు మీదికి వచ్చాక దానిని ఎత్తుకుంటే అవి మనిషిపైకి ఎగురుతాయి. గద్దలు తిరిగే మిద్దె మీద, పాములుండే గట్ల మీద దానిని ఒంటరిగా వదలరాదు. మధ్యాహ్నపు తారురోడ్డు పాదాలను కాల్చుతుంది.

చిన్న కుక్క కరిచినా రేబిస్ రావచ్చు. 1885లో లూయీ పాశ్చర్ ఈ రోగానికి మనిషికి మొదటిసారి టీకా వేయించాడు. కుక్కకు మూడు నెలల వయసులో టీకా వేయించి, తరువాత వైద్యుడు చెప్పిన గడువు ప్రకారం మళ్ళీ వేయించాలి. కరిచినా, గీరినా ఆ చోటును సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. టీకా చీటీని రేషను కార్డు ఉన్న చోటనే దాచుకుంటే వెతుక్కోనక్కరలేదు.